వంతెన మీద వదిలిన బుట్ట

చచ్చిపోయినవాడికి ఆకలి ఉంటుందా అన్నది హయాత్ సింగ్‌ను ముప్పై రెండేళ్లుగా వదలని సందేహం. ఊళ్లో పూజారిని అడిగితే శ్రాద్ధం పెట్టించమన్నాడు. పల్టన్‌లో సిపాయిల పండితుణ్ణి అడిగితే ఆత్మకు ఆకలిదప్పులు లేవని శ్లోకం చదివి వినిపించాడు. పెద్దల మాట కాదనే అలవాటు లేనివాడు కాబట్టి ఆయన ఇద్దరి మాటా నమ్మాడు. కానీ పొద్దున్నే స్నానం చేసి నందాదేవి పటం ముందు దీపం వెలిగించినప్పుడల్లా ఆ సందేహం వెనక నుంచి ఇంకొకటి తలెత్తేది. ఆ రోజు డబ్బాలో ఆ రెండు అరిసెలూ ఉండి ఉంటే స్నేహితుడు మంగసీరూ బతికేవాడా?

దేవిని ఆయన గట్టిగా నిలదీసి అడగలేదు. దీపం వత్తి సర్దుతూ, పక్కింటివాళ్లను మజ్జిగ అడిగినట్టు మొహమాటంగా అడిగేవాడు. దేవి ఏమీ చెప్పేది కాదు. దీపం మాత్రం వెలిగేది.

పద్దెనిమిదో ఏట ఆయన లాన్స్‌డౌన్ కొండెక్కి పల్టన్‌లో చేరాడు. అదే రోజు నయార్ నది అవతలి ఒడ్డున ఉన్న ఊరి నుంచి మంగసీరూ కూడా వచ్చాడు. మార్గశిరంలో పుట్టాడని ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఎత్తు కొలిచేటప్పుడు వేలెడు తక్కువ వచ్చాడు. కొలిచే హవల్దార్‌తో, నేను మా ఊరి కొండ దిగి వచ్చాను సాబ్, పొద్దున్న బయల్దేరినప్పుడు ఇంకా ఎత్తుగానే ఉన్నాను అన్నాడట. హవల్దార్ నవ్వి వేలెడు కలిపి రాసుకున్నాడు. ఆ వేలెడు కలవకపోతే మంగసీరూ ఇంటికి తిరిగి వెళ్లి చోడిచేను దున్నుకునేవాడు కదా అని కూడా హయాత్ సింగ్ ఒక్కోసారి అనుకునేవాడు. ఆలోచన మొదలైతే కొసను పట్టుకోవడం కష్టం.

రెండేళ్లకు ఇద్దరూ ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లారు. అక్కడ కొండలే లేవు. ఎటు చూసినా బల్లపరుపు నేల, దాని మీద బురద, బురద మీద మంచు. కొండ లేని దేశంలో దేవుడు ఎక్కడ కూర్చుంటాడని మంగసీరూ అడిగాడు. నడుములోతు నీళ్లు నిలిచిన కందకంలో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నారు. నిద్రలో ఇద్దరికీ ఒకటే కల వచ్చేది. మెట్లు మెట్లుగా పొలాలు, కింద నది, ఎవరో పైనుంచి పిలుస్తున్న గొంతు. తెల్లారాక, పిలిచింది మీ వాళ్లా మా వాళ్లా అని వాదించుకునేవారు.

మాఘంలో లాన్స్‌డౌన్ నుంచి కొత్త దళం వచ్చినప్పుడు వాళ్లతో మంగసీరూ చెల్లెలు బచులీ పంపిన అరిసెల మూట వచ్చింది. ఆవనూనెలో వేగి, నెలన్నర ప్రయాణంలో చెక్కల్లా గట్టిపడ్డాయి. మంగసీరూ వాటిని ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి రోజుకొకటి చొప్పున ఇద్దరికీ సగం సగం పంచేవాడు. అరిసె బుగ్గన పెట్టుకుని నానబెడుతూ, చైత్రంలో చెల్లెలికి బుట్ట తీసుకెళ్లేవాళ్లెవరూ లేరని దిగులుపడేవాడు. తల్లీ తండ్రీ పోయారు. ఆ కొండల్లో చైత్రమాసం వస్తే అత్తారింట్లో ఉన్న ఆడపిల్ల పుట్టింటి బుట్ట కోసం చూస్తుంది. గువ్వ కూస్తే చాలు, చేతిలో కొడవలి ఆపి దారి వైపు చూస్తుంది. బుట్ట రాని ఇల్లాలిని అత్త ఏడాదంతా దెప్పుతుంది.

మనిద్దరిలో ఎవరు ఇల్లు చేరితే వాళ్లు రెండోవాడి చెల్లెలికి బుట్ట పట్టుకెళ్లాలని మంగసీరూ ఒప్పందం పెట్టాడు. నాకు చెల్లెలు లేదుగా అంటే, అదే నీ అదృష్టం, నేను చస్తేనే నీకు పని అన్నాడు.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం మంగసీరూ కందకానికి ముందున్న గుంటలో కాపలాకు వెళ్తూ డబ్బా చూపించి చెప్పాడు. "రెండున్నాయి. రెండూ నావే. పొద్దున వచ్చి తింటాను. చెయ్యి పెట్టావో, చెల్లెలికి ఉత్తరం రాస్తాను."

హయాత్ సింగ్ చెయ్యి పెట్టాడు. ముందు ఒకటి. తరవాత, ఒకటి లేకపోవడం కంటే రెండూ లేకపోవడమే చూడ్డానికి బాగుంటుందని ఏదో పిచ్చి లెక్క తోచి రెండోది. ఇరవై ఏళ్ల ఆకలి అది, దానికి బుద్ధి ఉండదు.

మసక వెలుతురులో మంగసీరూ తడిసి ముద్దై వచ్చాడు. డబ్బా తెరిచాడు. ఖాళీ డబ్బాలోకి కాసేపు చూసి, హయాత్ సింగ్ మొహంలోకి చూసి నవ్వాడు.

"ఈ దేశంలో ఎలకలు బాగా బలిశాయి భుల్లా," అన్నాడు, తమ్ముణ్ణి పిలిచినట్టు.

అంతే. చాయ్ వచ్చిందేమో చూసొస్తానని, రొట్టెలు దింపే చోటు వైపు కందకం వెంట వెళ్లాడు. మలుపు దగ్గర తల వంచడం కనిపించింది. తరవాత ఫిరంగి గుండు పడింది. మట్టి సర్దుకున్నాక అక్కడ మలుపే లేదు, మంగసీరూ లేడు. వెతికినా ఏమీ దొరకలేదు.

ఆ తరవాత హయాత్ సింగ్ జీవితం గడియారంలా నడిచింది. మెసపొటేమియా ఎండల్లో జమాదార్ అయ్యాడు. యుద్ధం ముగిశాక గోదాంబరిని పెళ్లి చేసుకున్నాడు. ఆ మరుసటి చైత్రంలో, అంటే మంగసీరూ పోయిన అయిదేళ్లకు, కొత్త భార్యతో అరిసెలు వండించాడు. గోదాంబరి పైలోయ పిల్ల. వాళ్లింట్లో అరిసెల పిండిలో సోంపు గింజలు వేస్తారు, మరెవరూ వెయ్యరు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రింగాల్ వెదురు బుట్టలో పూరీలు, బెల్లం, చీర సర్ది ఇచ్చింది. అరిసెలు మాత్రం హయాత్ సింగ్ ఆ బిస్కెట్ డబ్బాలోనే పెట్టాడు. డబ్బా ఫ్రాన్సు నుంచి ఆయనతోనే తిరిగింది.

బచులీ అత్తారి ఊరికి వెళ్లిన రోజు నది మీద పొగమంచు. అవతలి ఒడ్డు లేనట్టే ఉంది. పల్టన్ పొడుగు కోటు, నెత్తిన టోపీ, భుజాన బుట్ట. చెక్క వంతెన సగం దాటేసరికి మంచు కాస్త విడి, పై పొలంలో గడ్డి కోస్తున్న ఒక ఆడమనిషి లేచి నిలబడటం కనిపించింది. ఆమె కొడవలి పారేసింది.

"భైజీ! వచ్చావా భైజీ!"

అలా అరుస్తూ మెట్ల పొలాల మీంచి దూకుతూ పరిగెత్తుకొచ్చింది. ఆ మొహం చూశాడు హయాత్ సింగ్. అన్న బతికొచ్చాడని నమ్మిన మొహం. రెండు నిమిషాల్లో ఆ మొహానికి ఎదురుగా నిలబడి, నేను వాణ్ణి కాను, వాడి అరిసెలు తిన్నవాణ్ణి అని చెప్పాలి. తుపాకులకు ఎదురు నడిచిన కాళ్లు అక్కడ ఆగిపోయాయి. బుట్ట వంతెన మీద దించి, వెనక్కి తిరిగి మంచులోకి నడిచాడు. వెనకాల పిలుపు చాలాసేపు వినిపించింది. తరవాత నది చప్పుడు మిగిలింది.

ఇంటికొచ్చాక గోదాంబరి బుట్ట ఏదని అడిగింది. అక్కడే ఉందన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఇరవై ఏడేళ్లు సాధించింది.

మళ్లీ వెళ్లాలని ఏటా అనుకున్నాడు. ఒక చైత్రం వజీరిస్తాన్‌లో గడిచింది, ఇంకొకటి కొత్తగా చేరిన రంగ్‌రూట్లకు కవాతు నేర్పుతూ. సుబేదార్ అయ్యాడు. పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చి అటక బాగు చేయిస్తుండగానే రెండో యుద్ధం వచ్చి వెనక్కి పిలిచింది. నలభై తొమ్మిదో ఏట సుబేదార్ మేజర్‌గా బర్మా అడవుల్లోకి వెళ్లాడు.

అక్కడ అంతా వాన, వెదురు, జలగలు. ఆకాశం నుంచి విమానాలు బియ్యం బస్తాలు జారవిడిచేవి, సగం చెట్ల మీదే చిక్కుకునేవి. ఆఖరి జవాను తినేదాకా ఆయన తినేవాడు కాదు. గుంట గుంటకీ వెళ్లి తిన్నావా అని అడిగేవాడు. శత్రువు ఎదురైనా సాబ్ తుపాకీ ఎత్తేముందు తిన్నావా అని అడుగుతాడని జవాన్లు చాటుగా నవ్వుకునేవారు. ఒక సాయంత్రం అదే జరిగింది. పట్టుబడిన జపాన్ సిపాయి ఒకడు ఎముకల గూడులా చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. హయాత్ సింగ్ తన భాషలోనే తిన్నావా అని అడిగి రొట్టె చేతిలో పెట్టాడు. వాడు దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి తిని, ఒకటి చొక్కా జేబులో దాచుకున్నాడు. ఎవరికోసమో తెలియదు. ఆ జేబు వైపు చూస్తూ ఆయన వానలో చాలాసేపు నిలబడిపోయాడు. వాన ఏ దేశానిదో, తనకెన్నేళ్లో కాసేపు గుర్తు రాలేదు.

యుద్ధం ముగిసింది. గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చి, ఛాతీ నిండా పతకాలు తగిలించి ఇంటికి పంపారు. గోదాంబరికి మాత్రం ఆయన సుబేదారే. పతకాల పెట్టె కదిలిస్తే గంటలు కట్టిన ఎద్దు వచ్చిందేమో అనుకున్నాను అనేది.

ఆ శీతాకాలంలో కంచరగాడిదల మీద ఉప్పు తెచ్చే మనిషి ఒకడు వరండాలో కూర్చుని బీడీ కాలుస్తూ ఒక కబురు చెప్పాడు. నయార్ అవతల కఫల్‌ఖేత్ వంతెన దగ్గర సిపాయి గుడి ఉందట. పరాయి దేశంలో చచ్చిపోయిన అన్న చైత్రమాసంలో మంచులోంచి నడిచొచ్చి చెల్లెలికి బుట్ట ఇచ్చి మాయమయ్యాడట. ఊరంతా చూశారట. డప్పు కొట్టి దేవుణ్ణి పిలిచి అడిగితే, అవును, వాడే అని దేవుడు కూడా చెప్పాడట. బుట్టలో ఇంగ్లీషు అక్షరాల డబ్బా ఉంటే ఇంకా సందేహమేముంది? ఆ రోజు నుంచి ఆ చెల్లెల్ని అత్త పల్లెత్తు మాట అనలేదట. చావును కూడా దాటుకుని తన కోసం పుట్టిల్లు నడిచొచ్చిన మనిషిని ఏమంటుంది?

హయాత్ సింగ్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

అన్నీ విన్నాక, అన్నీ చెప్పించుకున్నాక, గోదాంబరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే నిన్ను బతికుండగానే రాయిని చేసి మొక్కుతున్నారన్నమాట. ముందే తెలిస్తే నేను కూడా ఇన్నాళ్లూ వండిపెట్టడం మాని పువ్వులు పెట్టేదాన్ని కదా సుబేదార్ జీ."

తరవాత నవ్వు ఆపి, ఈ చైత్రానికి వెళ్లాల్సిందేనంది. ఆయన భయం ఆయనది. వెళ్లి నిజం చెబితే, ఇరవై ఏడేళ్లుగా బచులీ నిలబడి ఉన్న నేల లాగేసినట్టు. చెప్పకపోతే, మంగసీరూ రెండు అరిసెలూ ఈ జన్మకు తీరవు. దేవిని అడిగాడు. దీపం వెలిగింది.

గోదాంబరి బియ్యం నానబోసింది. రెండు రోజులు రోకటి చప్పుడు, బెల్లం పాకం వాసన. కొత్త బుట్ట నిండా సర్ది, పాత బుట్ట తేకుండా గుమ్మం తొక్కవద్దని చెప్పి పంపించింది.

తుంటి నొప్పితో, కర్ర ఆనించుకుంటూ ఒకటిన్నర రోజు నడిచాడు. కొండలన్నీ బురాంశ్ పూలతో ఎర్రగా ఉన్నాయి. చైత్రం వచ్చిందని కొన్ని గుమ్మాల ముందు పిల్లలు వేసిన పసుపు పూలు ఇంకా వాడలేదు. పల్టన్ కోటు వేసుకోలేదు. ఉన్ని టోపీ, నేత కోటు, అందరు ముసలివాళ్లలాగే. ఈసారి మంచు లేదు. నది మీద ఎండ పరుచుకుని ఉంది. ఎండలోనూ ఆయనకు దారంతా ఎక్కడో చూసిన కలలాగే ఉంది.

వంతెన చివర మోకాలెత్తు రాతి గూడు. పైన పలకరాయి కప్పు. లోపల రాయి, రాయి పక్కన తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా. గూడు ముందు ఒక ముసలామె కూర్చుని ఎండుటాకులు ఏరి పారేస్తోంది.

మీది ఏ ఊరని ఆమె తలెత్తకుండానే అడిగింది. చెప్పాడు. బచులీయేనని తోచి, మీ అన్నతో ఒకే కంపెనీలో పనిచేశానన్నాడు. ఆమె చేతులు ఆగాయి. నెమ్మదిగా పైకి చూసింది. కళ్లలో అప్పటి పరుగు లేదు. చూపు మాత్రం నిలకడగా ఉంది. భుజం మీది బుట్ట చూసి, ఇదెవరికి అంది. మీకే, ఆయన మాట ప్రకారం తెచ్చానన్నాడు. గొంతు కవాతు మైదానంలో ఆరు వందల మందికి వినిపించే గొంతు. అప్పుడు మాత్రం తనకే సరిగా వినపడలేదు.

"ఇంత ఆలస్యంగానా సాబ్?" అని ఆమె జరిగి చోటిచ్చింది.

బుట్ట మీది గుడ్డ తీసింది. పుట్టింటి బుట్ట ఊరందరికీ పంచాలి, కానీ మొదటి ముక్క ఆ ఇంటి ఆడపిల్ల నోట్లోనే పడాలి. అరిసె తుంచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది. వంతెన వైపు చూసింది, తరవాత రాతి గూడు వైపు, తరవాత ఆయన వైపు. చేతిలోని ముక్కను ఎండకేసి పెట్టి అందులో సోంపు గింజను గోటితో తీసింది.

"ఈ చేతి వంట నేను ఒక్కసారి తిన్నాను," అంది. "ఇరవై ఏడేళ్ల కిందట. మా లోయలో అరిసెల్లో సోంపు ఎవరూ వెయ్యరు."

హయాత్ సింగ్ తల వంచుకున్నాడు.

"దయ్యాలు సోంపు ఎక్కడ కొంటాయని అప్పుడే అనుకున్నా. ఎవరో బతికున్న ఆడది వండిందని మొదటి ముక్కకే తెలిసింది. కానీ ఊరు డప్పు కొట్టేసింది. అత్త నా కాళ్లకు మొక్కినంత పని చేసింది. నేనెందుకు నోరు తెరుస్తాను?" మరో ఎండుటాకు ఏరి పారేస్తూ అడిగింది. "ఎందుకు వెనక్కి పోయావు?"

ఆయన చెప్పాడు. కందకం, డబ్బా, రెండు అరిసెలు, పొద్దున్న తడిసి వచ్చిన మంగసీరూ, చాయ్ కోసం నడిచిన మలుపు, అన్నీ. ఏదీ తగ్గించలేదు. చెబుతుంటే తన మాటలు వేరే ఎవరివో అన్నట్టు నది మీదుగా పోతున్నాయి. బచులీ అడ్డు రాలేదు. ఆకులు ఏరడం కూడా ఆపలేదు.

"చివరికి ఏమన్నాడన్నావు?"

"ఈ దేశంలో ఎలకలు బాగా బలిశాయి భుల్లా అన్నాడు."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా ఇంట్లో అమ్మ అరిసెలు వండి కుండలో దాచేది. రాత్రికి సగం మాయం. తిన్నది భైజీయే. పొద్దున్న అమ్మ కర్ర పట్టుకుంటే, ఎలకలు బలిశాయమ్మా అనేవాడు. నేను తిన్నరోజు కూడా, నా మొహం చూసి, ఎలకలే అనేవాడు. నన్ను ఒక్కసారి పట్టివ్వలేదు."

హయాత్ సింగ్ ముప్పై రెండేళ్లుగా ఆ మాటను చెంపదెబ్బలా మోశాడు. కందకంలో ఆ నవ్వు మొహం ఇప్పుడు మళ్లీ కనిపించింది. అదే మొహం, వేరే వెలుతురులో.

"ఆకలేసే అటు వెళ్లాడా?" అని అడిగాడు. అడగడానికే కదా వచ్చింది.

"నాకేం తెలుసు? ఆకలేసి వెళ్లాడో, చాయ్ కోసం వెళ్లాడో, ఊరికే వెళ్లాడో. నా పెళ్లిలో బంతిలో కూర్చున్నవాడు డప్పులవాళ్లను చూడ్డానికి మూడుసార్లు లేచాడు. మా అన్న ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనైతే చూడలేదు."

అది నిజమో, లేక ఎలకల మాటలాంటిదో ఆయన తేల్చుకోలేకపోయాడు. ఆ ఇంటివాళ్లంతా ఒకటే. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

గూడు వైపు చూపించి, మరి ఊరికి ఏం చెబుదామన్నాడు.

"ఊరు నిన్నేమైనా అడిగిందా? నేనడిగాను, నాకు చెప్పావు. చైత్రంలో బుట్ట తెచ్చినవాడు అన్నే. ఊరు అందులో తప్పేం చెప్పలేదు." అరిసెలు లెక్కపెట్టి ఇంటికొకటి చొప్పున వేరు చేస్తూ అంది. "పైకి రా, అన్నం తిని వెళ్దువుగాని. మీ ఆవిడ పాత బుట్ట ఇంట్లోనే ఉంది. వెల్లుల్లి పోశాను, ఖాళీ చేసి ఇస్తా. సోంపు కాస్త ఎక్కువేసిందని చెప్పు."

"ఆ మాట నేను చెప్పలేను భుల్లీ. రెండు యుద్ధాలు చేశాను, మూడోది చెయ్యలేను."

ఈసారి ఆమె గట్టిగానే నవ్వింది. పై పొలంలో కోడళ్లు పని ఆపి కిందికి చూశారు.

హయాత్ సింగ్ కర్ర పక్కన పెట్టి మోకాళ్ల మీద వంగాడు. బుట్టలోంచి రెండు అరిసెలు ఏరాడు, విరగనివి, అంచులు బాగున్నవి. గూట్లోంచి డబ్బా బయటికి తీశాడు. మూత తుప్పుతో పట్టేసింది. బచులీ కొంగుతో డబ్బా పట్టుకుంటే ఆయన మూత తిప్పి లాగాడు. లోపల ఖాళీ, అడుగున ఎన్నేళ్లదో ఎండిన పువ్వు. రెండు అరిసెలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

"మూత గట్టిగా వెయ్యి భైజీ," అంది బచులీ. "ఇక్కడా ఎలకలున్నాయి."

ఆయన రెండు చేతులతో మూత గట్టిగా నొక్కాడు.